లవంగాల కోసం బయలుదేరిన డచ్చివారికి పళవేర్కాడు బట్టలతో ఏం పని?

ప్రశ్న — మైలాపూరు చదువరి

అందరికీ నమస్కారం. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ఐరోపా కంపెనీల పాఠం చదువుతూ వాడు వేసిన ప్రశ్నలకు నేను తృప్తికరంగా జవాబు చెప్పలేకపోయాను కనుక ఇక్కడ పెడుతున్నాను.

డచ్చివారు సుగంధ ద్రవ్యాల కోసం తూర్పు సముద్రాలకు వచ్చారని పాఠంలో ఉంది. లవంగం, జాజికాయ పండేది ఇండోనేషియా దీవుల్లో. అటువంటప్పుడు లవంగమూ జాజికాయా పండని, చెప్పుకోదగిన రేవు కూడా లేని పళవేర్కాడులో (పులికాట్) 1610లోనే వారు ఎందుకు దిగారు? ఈ తీరంలోనే ఒక చోటు కావాలనుకుంటే, గోల్కొండ రాజ్యానికి ముఖద్వారమైన మచిలీపట్నం ఉండగా ఈ ఉప్పుకయ్య (ఉప్పునీటి సరస్సు) ఒడ్డును ఎందుకు కేంద్రం చేసుకున్నారు? ఆంగ్లేయులు మద్రాసులో అడుగుపెట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందే కోట కట్టుకున్నవారు చివరికి ఎందుకు వెళ్లిపోవలసి వచ్చింది?

వాడు పరీక్షలో రాయడానికి రెండు వాక్యాలు నాకు తెలుసు. నాకు కావలసినది వాటి వెనక ఉన్న సంగతి. తెలిసిన పెద్దలు కాస్త విపులంగా రాయగలరని మనవి.

జవాబు 1 — తీరరేఖ

చదువరి గారూ, మీ అబ్బాయి పట్టుకున్నది అసలైన ముడి. మన పాఠ్యపుస్తకాలు మిరియాలు, లవంగాలు అని చెప్పి ఊరుకుంటాయే తప్ప, వాటిని ఏ సరుకు ఇచ్చి కొన్నారన్న విషయం జోలికి పోవు.

1602 మార్చిలో ఆమ్‌స్టర్‌డాం, మిడెల్‌బర్గ్, డెల్ఫ్ట్, రాటర్‌డాం, హోర్న్, ఎంక్‌హౌజెన్ అనే ఆరు నగరాల వర్తకులు సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనంతో డచ్చి ఈస్టిండియా కంపెనీని ఏర్పాటు చేసుకున్నప్పుడు వారి చూపంతా ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల మీదే ఉంది. ఆనాడు లవంగం టెర్నేట్, టిడోర్, అంబోన్ ప్రాంతాల్లోనూ, జాజికాయ, జాపత్రి బందా దీవుల్లోనూ మాత్రమే దొరికేవి. అయితే ఆ దీవులవారికి ఐరోపా ఉన్నిబట్టలతో ఏం పని? వెండి ఇస్తే పుచ్చుకుంటారు గాని, వారు ఇష్టపడి అడిగేది కోరమండల్ తీరంలోనూ గుజరాత్‌లోనూ తయారైన నూలుబట్టను. డచ్చివారు పుట్టకముందు నుంచీ మన వర్తకులు, గుజరాతీలు ఆ బట్టను సుమత్రాలోని ఆచే, జావాలోని బాంటెన్ రేవులకు చేరవేస్తూనే ఉన్నారు. కంపెనీ మొదట ఆ రేవుల్లోనే బట్ట కొని దీవులకు పట్టుకుపోయి లవంగాలకు మార్చుకుంది, ఆ తరువాత నడుమవారి లాభం తానే మిగుల్చుకుందామని బట్ట తయారయ్యే చోటికే వచ్చింది. కోరమండల్ అనేది మొలుక్కాలకు ఎడమ చెయ్యి వంటిదని, ఇక్కడి బట్టలు లేకపోతే అక్కడి వ్యాపారానికి ప్రాణం లేదని హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి 1612లోనే రాశాడు. మీ మొదటి ప్రశ్నకు సూటి జవాబు అదే.

1619లో యాన్ పీటర్‌సోన్ కూన్ ఇప్పటి జకార్తా ఉన్నచోట బటావియాను స్థాపించాక ఈ చక్రం మరింత పెద్దదైంది. స్వదేశం నుంచి ఏటా వెండి తెప్పించుకోవడం కన్నా, ఆసియా రేవుల మధ్య వ్యాపారం చేసి ఆ లాభంతోనే ఐరోపాకు పంపే సరుకు కొనాలన్నది కూన్ ఆలోచన. జపాను నుంచి వెండి, తరువాతి కాలంలో బంగారం, రాగి కోరమండల్‌కు వచ్చేవి. ఇక్కడ ఆ బంగారంతో వరహాలు పోయించి నేతపనివారికి బయానాలు ఇచ్చేవారు, ఆ బయానాలకు వచ్చిన బట్ట బటావియా మీదుగా దీవులకు వెళ్లేది, దీవుల్లో దొరికిన లవంగం, జాజికాయ సూరత్, పర్షియా, ఆమ్‌స్టర్‌డాం అంగళ్లకు చేరేవి. ఈ గొలుసులో మన మగ్గం ఒక్కటి ఆగితే మిగిలినవన్నీ ఆగిపోతాయి.

ఆ బట్టకు అంత గిరాకీ ఎందుకంటే, కారణం రంగులో ఉంది. కృష్ణా ముఖద్వారం దగ్గర, నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుకనేలల్లో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు ఉతికినకొద్దీ తేలిపోయేది కాదు. బట్టను ముందు కరక్కాయ కషాయంలోనూ గేదెపాలలోనూ ముంచి ఆరబెడతారు, ఆ పాల కొవ్వు వల్ల కలం గీసిన గీత చెదరదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లంనీళ్లలో ఊరబెట్టి తీసిన కసిం నల్లగీతకు, పటికనీళ్లు ఎరుపు రావలసిన చోట్లకు, ఆ తరువాత చిరివేరుతో కలిపి ఉడకబెట్టడం. ఇంత పని చేశాకే ఒక తాను తయారవుతుంది. ఏ దీవిలో ఏ అంచు అడుగుతారు, ఎక్కడ ఏ వెడల్పు చెల్లుతుంది అన్నది కంపెనీ గుమాస్తాలు నమూనాలతో సహా పంపేవారు. తాపీలు, సరసాలు అని వారి లెక్కల్లో కనిపించే చుట్టుబట్టలన్నీ అలా ఆ దేశాల అభిరుచికి తగ్గట్టు ఇక్కడ వేయించినవే.

ఇక పళవేర్కాడు సంగతి. డచ్చివారు మొదట వచ్చింది మచిలీపట్నానికే. 1605లో వారి ఓడ అక్కడికి చేరింది, 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా అనుమతితో మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ వర్తకశాలలు తెరిచారు. అక్కడ బట్టకు కొరత లేదు గాని, రేవును గుత్తకు తీసుకున్న అధికారి మారినప్పుడల్లా సుంకం మీద తగువే. పైగా కోట కట్టుకోనివ్వడం గోల్కొండ దర్బారుకు ఇష్టం లేని పని. పళవేర్కాడు అప్పటికి విజయనగర రాజు వేంకటపతిరాయల ఏలుబడిలో ఉంది. మైలాపూరు పక్కనున్న శాంతోంలో పాతుకుపోయిన పోర్చుగీసువారికి పోటీగా మరొకరుంటే మంచిదని ఆ దర్బారులో కొందరికి తోచింది కాబట్టి 1610లో ఒప్పందం కుదిరింది. పోర్చుగీసువారు ఊరుకుంటారా? 1612లో వచ్చి వర్తకశాలను ధ్వంసం చేసి పోయారు. ఆ దెబ్బతోనే 1613లో గెల్డ్రియా కోట లేచింది. కోట పని చూసిన వెమ్మర్ వాన్ బెర్కెమ్ స్వస్థలం గెల్డర్‌లాండ్ కనుక ఆ పేరు పెట్టారు. తరువాత అక్కడే తుపాకిమందు కూడా తయారుచేసి బటావియాకు పంపేవారు.

రేవు లేదన్నారు కదా, నిజానికి ఈ తీరంలో ఎక్కడా లేదు. మచిలీపట్నమైనా, పళవేర్కాడైనా, తరువాతి మద్రాసైనా ఓడ సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడాలి. సరుకును మసూలా పడవల్లో దాటించాలి. ఆ పడవలకు మేకులుండవు, పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల ఎత్తి నేలకు కొట్టినా పలకలు కాస్త వంగుతాయే తప్ప పగలవు. ఐరోపావారి గట్టి పడవలు అదే అలలో ముక్కలయ్యేవి. కనుక ఎంత పెద్ద కంపెనీ అయినా ఒడ్డుకూ ఓడకూ మధ్యనున్న ఆ కొద్ది దూరానికి మన పల్లెకారుల మీదే ఆధారపడవలసి వచ్చింది. పళవేర్కాడులో అదనంగా ఉన్న సౌకర్యం కోట పక్కనే ఉన్న కయ్య. చిన్న పడవలకు అది మంచి ఆశ్రయం.

జవాబు 2 — షావుకారుపేట నివాసి

తీరరేఖ గారు చెప్పినది బాగుంది గాని, కంపెనీ ఆలోచించింది, కంపెనీ కొన్నది అన్నట్లుగా కథ నడిచింది. మన ఊళ్లలో నేత ఊరికీ కంపెనీ గిడ్డంగికీ నడుమ ఉన్న మనుషులను వదిలేస్తే సగం చరిత్ర పోతుంది.

17వ శతాబ్దపు తొలి సగంలో పళవేర్కాడులో డచ్చివారి వ్యాపారం చేతిలో పెట్టుకున్నది తెలుగు బలిజ వర్తకులైన అన్నదమ్ములు. డచ్చి కాగితాలలో ‘మలయ’ అని కనిపించే పెద్దాయన 1634లో చనిపోయారు, ఆయన తరువాత తమ్ముడు చిన్నన్న సెట్టి ఆ స్థానంలోకి వచ్చారు. వీరిని దళారులు అని తేలికగా తీసిపారేయకూడదు. సొంత ఓడలను తూర్పుదేశాలకు నడిపారు, ఊళ్ల శిస్తును గుత్తకు తీసుకున్నారు, నాయకుల దర్బారుల్లో మాట చెల్లించుకున్నారు. అంటే కంపెనీకి సరుకు సమకూర్చేవారు, అదే సముద్రం మీద కంపెనీకి పోటీదారులు, ఊరి అధికారితో కంపెనీకి తగువు వస్తే తీర్చేవారూ వారే. ఇంత బలమున్న ఒక్క కుటుంబం మీద ఆధారపడటం నచ్చక, 1660 ప్రాంతాల నుంచి డచ్చివారు పలువురు వర్తకులను కలిపి వాటాల సంఘాలుగా చేర్చారు. బయానా మునిగితే సంఘమంతా బాధ్యత వహించాలన్నది అందులోని కిటుకు.

నష్టం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఊహించుకోవచ్చు. గిడ్డంగిలో నమూనా పక్కన పెట్టి తాను కొలిచి, పోగులు చూసి, తక్కువ రకమని తేలితే ధర తగ్గిస్తారు, లేదా తిప్పి పంపుతారు. తిరిగి వచ్చిన బట్టను వర్తకుడు నేతపనివారి బాకీలో రాసుకుంటాడు. అయితే 17వ శతాబ్దంలో సాలెవారికి ఒక వెసులుబాటు ఉండేది. డచ్చి, ఆంగ్లేయ, డేనిష్ కంపెనీలూ దేశీ వర్తకులూ పోటీ పడుతున్నంత కాలం ఒకరి దగ్గర పొసగకపోతే మరొకరి దగ్గరికి పోవచ్చు. ఆ పోటీ పోయాక ఆ వెసులుబాటూ పోయింది.

మన చెన్నై పుట్టుకకూ ఈ డచ్చి కోటకూ సంబంధం ఉంది. 1619లో రెండు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఆంగ్లేయులను 1621లో పళవేర్కాడులో ఉండనిచ్చారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా, 1623 నాటికి వారు తట్టాబుట్టా సర్దుకున్నారు. తరువాత 1626లో ఇప్పటి నెల్లూరు సీమలోని దుగరాజపట్నం దగ్గర ఆర్మగాంలో ఒక స్థావరం పెట్టుకుని, అదీ కుదరక 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని అనుమతితో మద్రాసుకు వచ్చారు. పళవేర్కాడులోని డచ్చివారూ శాంతోంలోని పోర్చుగీసువారూ నిత్యం కొట్టుకుంటూ ఉండగా, ఆ గొడవలు అణచడానికి ప్రళయకావేరికీ (అంటే పళవేర్కాడుకూ) మైలాపూరుకూ నడుమ వేంకటాద్రి సోదరుడు అయ్యప్ప నాయకుడు తన తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్నం నిలిపాడని, దామెర్ల వంశీయుడే అయిన అంకభూపాలుడు ఉషాపరిణయ కావ్యంలో చెప్పుకున్నాడు. కవి తన అన్నగారి ఘనత చాటుకోవడం సహజమే, ఆ మేరకు కొంత తగ్గించి చదువుకోవాలి. కాని ఇద్దరు విదేశీయుల మధ్య మూడో విదేశీయుణ్ణి కూర్చోబెట్టాలన్న లెక్క ఒక తెలుగు నాయకునిది అన్న సంగతి మీ అబ్బాయి పాఠంలో ఉండదని పందెం కాయగలను.

జవాబు 3 — పెరంబూరు ఉపాధ్యాయిని

బట్టల గురించి, వర్తకుల తెలివి గురించి ఎంతో ఆసక్తిగా చదివాను. ఈ తీరం నుంచి డచ్చి ఓడలు మోసుకుపోయిన మరొక సరుకు మనుషులు. ఆ మాట రాకుండా ఈ చర్చ ముగియకూడదని రాస్తున్నాను.

1621లో కూన్ బందా దీవుల మీద దండెత్తినప్పుడు అక్కడి సుమారు 15,000 మంది జనంలో చాలామంది చంపబడ్డారు, ఆకలితో పోయారు, లేదా బానిసలుగా తరలించబడ్డారు. మిగిలినవారు వెయ్యికి అటూ ఇటూ. జాజిచెట్లున్నాయి, కాయలు కోయడానికి మనిషి లేడు. బటావియాలో కాలువలు తవ్వాలి, గోడలు కట్టాలి, దానికీ మనిషి కావాలి. ఆ మనుషులను కొన్న చోట్లలో పళవేర్కాడు, దేవనాంపట్నం, నాగపట్నం ముఖ్యమైనవి. మామూలు రోజుల్లో ఇక్కడ బానిసల బేరం పెద్దగా సాగేది కాదు, కరువు వచ్చిన ఏట ఒక్కసారిగా పెరిగేది. 1620లలో, 1640లలో, మళ్లీ 1659–61 మధ్య అలాగే జరిగింది. 1646 ఒక్క సంవత్సరంలోనే రెండువేలకు పైగా మనుషులను బటావియాకు పంపారు, వారిలో ఎక్కువమంది దక్షిణ కోరమండల్‌వారు. 1659–61లో దక్కను సేనల దాడులతో తంజావూరు సీమ పాడై కరువు వచ్చినప్పుడు వేలమందిని సింహళానికి తీసుకుపోయారు.

పిడికెడు బియ్యం కోసం తల్లిదండ్రులు బిడ్డలను, కొందరు తమను తామే అమ్ముకున్న కాలం అది. కొన్నది కంపెనీయే అయినా పట్టి తెచ్చి అమ్మినవారిలో ఇక్కడి దళారులూ ఉన్నారు, ఆ పాపంలో వారికీ వాటా ఉంది. పదిహేడో శతాబ్దపు ప్రపంచ వ్యాపారం ఎంత గొప్పదో చెప్పేటప్పుడు లవంగం ధర పక్కన దీన్ని కూడా పిల్లలకు చెప్పవలసిందే. తొమ్మిదో తరగతి వయసుకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు.

మైలాపూరు చదువరి

అందరికీ ధన్యవాదాలు. ఉపాధ్యాయిని గారూ, మీరు చెప్పినది ఈ రాత్రే వాడితో చదివిస్తాను. ఇక మిగిలింది వారు వెళ్లిపోవడానికి కారణం. ఇంత పకడ్బందీగా అల్లుకున్న వ్యాపారం ఒక్క యుద్ధంతో పోయిందా? పైగా పళవేర్కాడు నుంచి నాగపట్నానికి కేంద్రం మార్చారని ఎక్కడో చదివాను, అదెందుకు? అలాగే చెన్నై నుంచి ఒక్క రోజులో పిల్లవాడికి చూపించదగినవి ఏమున్నాయో కూడా చెప్పగలరా?

జవాబు 4 — తీరరేఖ

ఒక్క యుద్ధంతో పోలేదు. యుద్ధం వచ్చేనాటికే లోపల చాలా కరిగిపోయింది.

ముందు నాగపట్నం. దాన్ని 1658లో పోర్చుగీసువారి నుంచి తీసుకున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక ఉత్తర తీరమంతా కల్లోలమై, బయానా ఇచ్చిన ఊరు ఆరునెలల తరువాత ఉంటుందో లేదో తెలియని పరిస్థితి వచ్చింది. నాగపట్నం సింహళానికి దగ్గర, దాల్చినచెక్క వ్యాపారం అప్పటికే కంపెనీ గుప్పిట్లో ఉంది. అందుకని 1690లో కేంద్రాన్ని అక్కడికి మార్చారు. అంతమాత్రాన తెలుగు తీరాన్ని వదలలేదు. పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం, భీమునిపట్నం అన్నీ వారి వర్తకస్థానాలే. మచిలీపట్నంలో పరాసుపేట, ఇంగ్లీషుపాలెం పక్కన వలందపాలెం నేటికీ ఉంది.

అసలు మార్పు ఐరోపా అంగడిలో వచ్చింది. 1700 నాటికి కంపెనీ ఆసియాలో కొని స్వదేశానికి పంపే సరుకు విలువలో సుమారు సగం బట్టలూ పట్టూ అయ్యాయి, వాటిలో పెద్ద వాటా బెంగాలుది. తరువాత చైనా తేయాకు వచ్చింది. లవంగం, జాజికాయల మీద గుత్తాధిపత్యం లాభమిస్తూనే ఉన్నా, వ్యాపారం పెరిగే చోటు అది కాదు. ఆ గుత్తాధిపత్యం నిలబెట్టడానికి కోటలు, సిపాయిలు, ఓడల ఖర్చు మాత్రం తగ్గలేదు. నా అభిప్రాయంలో ఇంతకన్నా పెద్ద కారణం, 1757 తరువాత ఆంగ్లేయులకు బెంగాలు శిస్తు చేతికి రావడం. సరుకు కొనడానికి డచ్చివారు బంగారమో వెండో తేవలసి ఉండగా, ఆంగ్లేయులు ఈ దేశపు పన్ను డబ్బుతోనే ఈ దేశపు బట్ట కొన్నారు, నేత ఊళ్ల మీద అధికారమూ వారిదే. అటువంటి పోటీలో ఎంత నేర్పున్న వర్తకుడైనా నిలవడం కష్టం.

1780లో మొదలైన నాలుగో ఆంగ్ల–డచ్చి యుద్ధం చివరి దెబ్బ. 1781లో పళవేర్కాడు, నాగపట్నం రెండూ ఆంగ్లేయుల వశమయ్యాయి. 1784 ఒప్పందంలో నాగపట్నం ఆంగ్లేయులకే ఉండిపోయింది, పళవేర్కాడు 1785లో డచ్చివారికి తిరిగి వచ్చింది. 1795లో ఆంగ్లేయులు దాన్ని మళ్లీ పట్టుకుని 1806లో గెల్డ్రియా కోటను పడగొట్టారు. అప్పటికి కంపెనీయే లేదు, 1796లో ప్రభుత్వపరమై 1799 డిసెంబరు 31తో దాని సనదు ముగిసింది. 1818లో మిగిలిన స్థావరాలు డచ్చి ప్రభుత్వానికి తిరిగి ఇచ్చారు గాని, 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఈ తీరంలోని చోట్లన్నీ ఆంగ్లేయులకు అప్పగించి, డచ్చివారు ఇండోనేషియా దీవుల మీద దృష్టి నిలుపుకున్నారు.

చూడదగినవి రెండు. పళవేర్కాడు చెన్నై నగరానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్లు. కోట ఉన్నచోట ఇప్పుడు ముళ్లపొదలు, అగడ్త ఆనవాలు తప్ప పెద్దగా ఏమీ లేవు, కనుక కోట చూపిస్తానని పిల్లవాడికి ఆశ పెట్టకండి. పురావస్తు శాఖ కాపాడుతున్న డచ్చి శ్మశానం మాత్రం తప్పక చూపించండి. ద్వారానికి ఇరువైపులా చెక్కిన అస్థిపంజరాలు, లోపల వంశచిహ్నాలతో డచ్చి భాషలో చెక్కిన సమాధి ఫలకాలు కనిపిస్తాయి. ఫలకాల మీద ఏళ్లు అంకెల్లోనే ఉంటాయి కాబట్టి భాష రాకపోయినా వరుస పెట్టుకుంటూ పోవచ్చు. దక్షిణాన కల్పాక్కం పక్కనున్న సదురంగపట్నంలో కోటగోడలు, గిడ్డంగులు, లోపలి సమాధులు చాలావరకు నిలిచి ఉన్నాయి. కోట అంటే ఇది అని చూపించడానికి అదే మెరుగు.

జవాబు 5 — షావుకారుపేట నివాసి

ఒక చిన్న చేర్పు. ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖశాలలో డచ్చి దస్తావేజులు ఉన్నాయి గాని, వాటిలో అధికభాగం కొచ్చిన్‌కు చెందినవి, కోరమండల్ కోసం వెళ్లినవారు అది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. కంపెనీ ప్రధాన దస్తావేజులు హేగ్ నగరపు జాతీయ పురాలేఖశాలలో ఉన్నాయి, 2003లో వాటిని యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. మలయ, చిన్నన్నల పేర్లు మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ గుమాస్తాలు ప్రతి బాకీని, ప్రతి తగువును రాసిపెట్టడమే. అదే కాలంలో మన వర్తకులు తాటాకుల మీద రాసుకున్న లెక్కలు దొరికి ఉంటే ఈ చర్చ మరో విధంగా ఉండేది. పాత షావుకారుల ఇళ్లతో పరిచయమున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, అటకల మీద ఉన్న కట్టలను పాతసామానుకు వేయకముందు ఒకసారి ఎవరికైనా చూపించండి.